చెల్లి నడకలో సారబాండ్

మా చెల్లికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాస్తున్నాను. మద్రాసుకి ఓడలో మూడు రోజుల దూరంలో ఉన్న ఈ దీవుల్లో పుట్టినవాళ్ళలో చాలామంది పరిస్థితి అదే. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు, బస్సులో మూడూ కలిపి. నాకు చదవడం, రాయడం పట్టుబడ్డాయంటే మా నాన్న తెలుగు మాస్టారు కావడం వల్లే. నన్ను కూర్చోబెట్టి దిద్దించే రోజుల్లో ఆయనకు ఓపిక ఉండేది. నా తర్వాత ఆరేళ్ళకు పుట్టిన చెల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక కాస్తా అయిపోయింది. తనకు దక్కకుండా నాకు దక్కినవి చాలా ఉన్నాయి, వాటిలో ఇదొకటి.

ఇంకొకటి కాళ్ళు. పదకొండేళ్ళప్పుడు చెల్లి జెట్టీ మెట్ల మీద పాచికి జారి పడింది. ఎడమ తొడ ఎముక విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది, కానీ వంకరగా అతుక్కుంది. ఎడమ కాలు అంగుళం పొట్టిదైపోయింది. కుంటి అనే మాట మా ఇంట్లో ఎవరూ అనకూడదని అమ్మ ఆజ్ఞ. అమ్మా నాన్నా పోయాక కూడా మేము ఆ మాట అనలేదు. మిడిల్ పాయింట్‌లో చెప్పులు కుట్టే ఆయన ఒకడు ఎడమ చెప్పుకు అడుగున మందంగా అట్ట వేసి ఇచ్చేవాడు. అది వేసుకుంటే నడక తేడా పెద్దగా తెలిసేది కాదు. చెల్లి ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. డెలానీపూర్‌లో నాకిచ్చిన గవర్నమెంటు క్వార్టర్‌లో ఇద్దరమే ఉండేవాళ్ళం. నేను పెళ్ళి వద్దన్నాను, తనను ఎవరూ అడగలేదు.

నా ముప్పై ఆరో ఏట వయోలా మా ఇంట్లోకి వచ్చింది. చూడ్డానికి వయొలిన్‌లాగే ఉంటుంది, కాస్త పెద్దది, కాస్త బరువు, గొంతు మాత్రం బాగా కిందికి దిగి పలుకుతుంది. చిన్నప్పుడు బడిలో మాకు సంగీతం చెప్పిన టీచర్ రిటైరై ఫెరార్గంజ్‌లో వక్కతోట పక్కన ఒంటరిగా ఉంటోందని విని ఒక ఆదివారం వెళ్ళాను. ఆవిడది విజయనగరం వైపు. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు ఒక విదేశీ సిస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. ఉద్యోగానికని ఈ దీవులకు వచ్చి మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఆపేసిన వయొలిన్ మళ్ళీ మొదలుపెడతానని చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

“వయొలిన్ నీకెందుకే. చేతులు చూడు, గునపం పట్టుకునే చేతులు. మొహాన నవ్వన్నది నేదు. ఇది పట్టుకెల్లు, ఇది నీలాంటోళ్ళదే,” అని అల్మారా తెరిచి వయోలా తీసింది. బూజు పట్టకుండా లోపల బల్బు వెలుగుతూనే ఉంది. చెక్క వెచ్చగా తగిలింది.

మొదటి నాలుగు నెలలూ ఒక్క తీగ. అన్నిటికంటే లావుపాటి తీగ మీద కమాను ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. ఎడమ చేతికి పనే లేదు. చాతంలో ఫెర్రీ ఎక్కి, బంబూఫ్లాట్‌లో దిగి, బస్సు పట్టుకుని ఫెరార్గంజ్ చేరి, ఆవిడ వరండాలో నిలబడి ఆ ఒక్క తీగా గీకేదాన్ని. “ఏటే, చేప తోముతున్నావా?” అనేది. “ఫిర్ సే,” అనేది. ‘మళ్ళీ’ అని తెలుగులో నాతో ఒక్కనాడూ అనలేదు. తెలుగులో అంటే ఎక్కడ జాలి వినపడుతుందోనని కాబోలు. ఒక్కోసారి మధ్యలో గడియారం చూసి, “రెండున్నర బస్సుంది, ఎల్లిపో,” అనేది. నేను వయోలా సర్దుకుంటుంటే వినపడేట్టుగా కుక్కతో మాట్లాడేది. “నువ్వే నయం, మొరిగితే శ్రుతిలో మొరుగుతావు.”

నాకు ఆవిడ మీద కోపం రాలేదు. నిజం చెప్పాలంటే హాయిగా ఉండేది. ఆఫీసులో నేను తప్పు చేస్తే ఎవరూ తప్పని అనరు, ఫైలు మీద ‘మాట్లాడండి’ అని రాసి పంపిస్తారు. మాట్లాడడానికి వెళ్తే టీ తెప్పిస్తారు. అలాంటి బతుకులో వారానికోసారి ఒక ముసలావిడ నా చేతిలో పస లేదని మొహం మీదే చెప్పడం నాకు గౌరవంలాగే అనిపించింది. ఆవిడ కాఠిన్యం నాకు అంటుకుంటోందని మాత్రం గమనించలేదు. ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు తక్కువైతే చెల్లితో ఆవిడ గొంతుతోనే మాట్లాడేదాన్ని.

ఏడాదిన్నర గడిచాక ఆవిడ పసుపు పచ్చబడిన కాగితాల కట్ట ఒకటి నా ముందు పెట్టింది. మూడు వందల ఏళ్ళ నాటి నాట్యాల వరస. ఐరోపాలో చెల్లో అనే పెద్ద వాయిద్యానికి రాసినదాన్ని తర్వాత ఎవరో వయోలాకు మార్చారు. పక్కన ఇంకో వాయిద్యం ఉండదు, తాళం వేసేవాళ్ళు ఉండరు, వాయించే మనిషి ఒక్కరే. మొదట ప్రెలూడ్, తర్వాత అల్లెమాండ్, కూరాంట్, సారబాండ్, రెండు మెనుయెట్లు, చివర జీగ్. పేర్లు వింటే ఏవో ఓడల పేర్లలా అనిపించాయి.

వాటిని నేర్పడానికి ఆవిడకో పద్ధతి ఉండేది. ఆ విదేశీ సిస్టర్ దగ్గర నేర్చుకున్నదే. ఒకరు వాయిస్తుంటే ఇంకొకరు ఆ నాట్యానికి తగ్గట్టు నడవాలి. “ఇవి డాన్సులు. డాన్సు కాగితం మీద ఉండదు, కాళ్ళలో ఉంటాది. నడిచేవోళ్ళు తడబడితే తప్పు వాయించినదానిది,” అనేది. డెబ్బై మూడేళ్ళ మనిషి చీర కుచ్చిళ్ళు దోపుకుని తోటలో అల్లెమాండ్‌కి పెళ్ళిపెద్దలా నడిచేది. కూరాంట్ వచ్చేసరికి, “ఫెర్రీ వదిలేస్తన్నాడు, పరిగెత్తించు నన్ను,” అని అరిచేది. ఆవిడ కాలు ఎక్కడ ఆగినా నాకు తిట్లు. అలా ఆ రెండు నాట్యాలూ నా చేతిలోకి వచ్చాయి. ఎంతో కాలం పట్టింది, కానీ వచ్చాయి.

సారబాండ్ దగ్గర ఇద్దరం ఆగిపోయాం. అది నెమ్మది నాట్యం. మూడు దెబ్బల లెక్క. మామూలుగా బరువు మొదటి దెబ్బ మీద ఉంటుంది, ఇందులో రెండో దాని మీద ఉంటుంది. రెండో దెబ్బ మీద ఒళ్ళంతా వాలాలి, అక్కడ క్షణం నిలవాలి, కానీ పడిపోకూడదు. మూడో దెబ్బకి తేరుకోవాలి. చెప్పడానికి ఇంతే. ఆవిడ నడవబోతే మోకాళ్ళు ఒప్పుకోలేదు. నేను లెక్కపెట్టుకుంటూ వాయిస్తే, “లెక్క వస్తంది, బరువు రావట్లేదు. గుమాస్తాలా వాయిస్తన్నావు,” అంది. నేను గుమాస్తానే. ఐదు నెలలు అదే మాట విన్నాను. ఆ ఐదు నెలల్లో నాకు సారబాండ్ తప్ప ఈ లోకంలో ఇంకేదీ అక్కర్లేదనిపించే స్థితికి వచ్చాను.

ఒక ఆదివారం చెల్లి కూడా వస్తానంది. ఫెరార్గంజ్ సంతలో కూరలు బాగుంటాయని. సంతలో తిరిగి ఎండకి చెప్పు అట్ట ఊడిపోతే, రెండు చెప్పులూ చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పనసకాయ సంచీ పట్టుకుని, గేటు తీసుకుని వరండా వైపు వచ్చింది. టీచర్ నా మోచేతి మీద చెయ్యి వేసి కమాను ఆపింది.

“అమ్మా, ఆగు. సంచీ అక్కడ పెట్టు. మళ్ళీ గేటు దాకా ఎల్లి రా.”

చెల్లి నా వైపు చూసింది. నేను తల ఊపాను. వెళ్ళి వచ్చింది. “ఇంకోసారి.” మళ్ళీ వెళ్ళి వచ్చింది. మూడోసారి వెళ్తూ, “టీచర్, మీరు ఎముకల వైద్యం కూడా చేస్తారా?” అని నవ్వింది. టీచర్ నవ్వలేదు. నాతో, చెల్లికి వినపడేట్టుగానే అంది.

“చూసావా? కుడికాలు వేసింది, ఒకటి. ఎడమకాలి మీదకి పడింది, రెండు. అక్కడ నిలబడిపోయింది చూడు. తర్వాత లాక్కుంది, మూడు. నువ్వు ఐదు నెల్ల నుంచి ఏడుస్తన్నది ఇదే. దాని కాల్లో ఉంది, నీ చేతిలో నేదు.”

అంత మాట మొహాన అంటే చెల్లి ఏమనుకుంటుందోనని నేను భయపడలేదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. నేను తన పాదాల వైపు చూస్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో తిరుగుతున్న నడకని మొదటిసారి చూస్తున్నాను. చెల్లి మాత్రం ఎర్రబడ్డ మొహంతో, “అయితే నాది డాన్సన్నమాట,” అంది. బడి వార్షికోత్సవాల్లో అందరూ స్టేజీ ఎక్కితే అందరి చెప్పులూ, బట్టల సంచులూ కాపలా కాసిన పిల్ల అది. డాన్సులో తనను ఎవరూ ఎప్పుడూ నిలబెట్టలేదు. తిరుగు బస్సులో మూడుసార్లు అడిగింది, “అక్కా, దాని పేరేటన్నారు?” అని.

ఆ మర్నాటి నుంచి మా క్వార్టర్ వరండాలో సాధన మొదలైంది. ఆ గోడ నుంచి ఈ గోడకి పన్నెండు అడుగులు. చెల్లి నడిచేది, నేను వాయించేదాన్ని. మొదటి రోజే ఒక సంగతి అర్థమైంది. ఎత్తు చెప్పు వేసుకుంటే రెండో దెబ్బ లేదు.

“చెప్పు విప్పు,” అన్నాను.

“నేల గట్టిగా ఉందక్కా, తుంటి లాగేస్తది.”

“కాసేపే.”

విప్పింది. కాసేపు గంట అయింది, గంట రెండు గంటలైంది. ఉదయం కంటే సాయంత్రం నడక బాగుంటోందని కూడా కనిపెట్టాను. పగలంతా మిషను తొక్కి అలిసిపోయిన కాలు మరికాస్త లోతుగా వాలేది, మరికాస్త ఎక్కువసేపు నిలిచేది. నొప్పి ఎక్కువైన కొద్దీ సారబాండ్ చక్కగా తయారయ్యేది. నేను ఆఫీసు నుంచి రాగానే సాధన అన్నాను. తను కూర్చుంటానంటే ఫిర్ సే అన్నాను. ఆ మాట నా నోట మొదటిసారి వచ్చినప్పుడు ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తర్వాత నేనొక్కదాన్నే అనేదాన్ని, ఎవరమూ నవ్వేవాళ్ళం కాదు.

పడుకునే ముందు తను గోనెపట్టా పరుచుకుని, వేడినీళ్ళలో ముంచిన గుడ్డ తుంటికి పెట్టుకునేది. నేను అది చూడకుండా కాగితాలు సర్దుకునేదాన్ని. “అక్కా, బస్ కర్, ఇయ్యాలకి చాలు,” అని ఎన్నోసార్లు అంది. ఒక్కసారి మాత్రం ఏడ్చింది. ఆ ఏడుస్తూ నడిచిన రోజు సారబాండ్ రెండో భాగం మొదటిసారి నా చేతిలో సరిగ్గా పలికింది. సంతోషం పట్టలేక తనను కౌగిలించుకున్నాను. నొప్పికి ఏడుస్తోందో, నేను కౌగిలించుకున్నందుకు ఏడుస్తోందో నేను అడగలేదు.

ఈలోగా రెండు తేదీలు వచ్చాయి. మిడిల్ పాయింట్‌లో సంగీతం అంటే ఇష్టమున్న పదిమంది కలిసి డిసెంబర్‌లో ఒక కచేరీ పెడుతూ, వయోలా మీద ఆ నాట్యాల వరస మొత్తం వాయించమని నన్ను అడిగారు. నా జన్మలో నన్ను ఎవరూ దేనికీ అడగలేదు. అదే నెలలో, ఆ కచేరీకి సరిగ్గా రెండు వారాల ముందు, చెల్లి కాలికి మద్రాసు ఆస్పత్రిలో తేదీ దొరికింది. ఇక్కడ కుదరని వైద్యానికి మెయిన్‌ల్యాండ్ పంపించే రిఫరల్ కాగితం కోసం రెండేళ్ళు తిరిగాం. ఎముకను మళ్ళీ విరిచి సరిగ్గా అతికిస్తారు. కాలు పొడవు కలుస్తుంది. రోగికీ, తోడుగా ఒక మనిషికీ షిప్‌లో పాసులు ఇస్తారు. విమానం అంటే చెల్లికి భయం, కాబట్టి షిప్పే. తోడు మనిషిని నేను.

నేను వెళ్ళకుండా ఇంకెవరితోనైనా పంపొచ్చు కదా అని మీరు అడగొచ్చు. పంపొచ్చు. మా చిన్నాన్న కూతురు వస్తానంది కూడా. నేను కచేరీ వాయించుకునేదాన్ని, తన పని అయిపోయేది. కానీ తను వెళ్ళిపోతే చివరి రెండు వారాలూ వరండాలో నడిచేవాళ్ళు ఎవరూ ఉండరు. నాకు సారబాండ్ ఇంకా పూర్తిగా పట్టుబడలేదు, తను కళ్ళముందు లేకపోతే రెండో దెబ్బ జారిపోయేది. అంతకంటే పెద్ద మాట ఇంకొకటుంది. ఆపరేషన్ అయితే ఆ నడక ఇక ఉండదు. తిరిగొచ్చే మనిషి రెండు కాళ్ళ మీదా సమంగా నడుస్తుంది. అది నాకు వద్దనిపించింది. చెల్లి కాలు బాగుపడడం నాకు వద్దనిపించింది. దీన్ని ఇంకోలా రాయడానికి చాలా రోజులు ప్రయత్నించాను, కుదరలేదు.

షిప్ శుక్రవారం. గురువారం మధ్యాహ్నం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చెల్లి పెట్టె సర్దుకుని ఉంది. కుట్టడం కానివి కానట్టే ఎవరి జాకెట్లు వాళ్ళకి తిరిగిచ్చేసింది. షిప్‌లో తినడానికి పులిహోరకి చింతపండు నానబెట్టింది. నేను గుమ్మంలో చెప్పులు విప్పుతూ అన్నాను.

“షిప్ కేన్సిల్. ఇంజన్ రిపేరంట.”

ఈ దీవుల్లో దేవుడు లేడంటే వాదించేవాళ్ళు దొరుకుతారు. షిప్ కేన్సిల్ అంటే వాదించేవాళ్ళు దొరకరు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట అది. ఎన్ని పెళ్ళిళ్ళు ఆగాయో, ఎన్ని పరీక్షలు పోయాయో, ఎంతమంది సొంతవాళ్ళ ఆఖరి చూపు దక్కించుకోలేకపోయారో లెక్కలేదు. వానొస్తోందంటే ఆకాశం వంక చూస్తారేమో గానీ, షిప్ లేదంటే ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి కనుక్కోరు. అది తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను. ఇంకే అబద్ధమైనా తను పట్టేసేది.

“హే భగవాన్. మళ్ళీ ఎప్పుడంట?”

“పదిహేను రోజులన్నా పడుతుందంట.”

చెల్లి కాసేపు పెట్టె మీద కూర్చుంది. తర్వాత లేచి, “ఠీక్ హై, నీ ప్రోగ్రాం అయ్యాకే అన్నమాట. చింతపండు నానబెట్టేసాను కదా, పులిహోర చేసేస్తాను,” అంది. రెండు పాసులూ నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. మర్నాడు ఆఫీసులో కూర్చుని రోగి అనివార్య కారణాల వల్ల రాలేకపోతున్నారని ఆస్పత్రికి మంచి ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. అలాంటి ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం. ఆ సాయంత్రం షిప్ బయల్దేరుతూ వేసిన కూత డెలానీపూర్ దాకా వినపడింది. నేను వయోలా శ్రుతి చేసుకుంటున్నాను. చెల్లి తల తిప్పి విని, “కలకత్తా షిప్పయ్యుంటాది,” అంది. చెప్పు విప్పేసి గోడ దగ్గర నిలబడింది.

ఆ ఆదివారం ఇద్దరం ఫెరార్గంజ్ వెళ్ళాం. చెల్లి పెరట్లో కరివేపాకు కోసుకుంటుంటే టీచర్ నా పక్కన కూర్చుంది.

“షిప్పు కేన్సిలన్నావంట మీ చెల్లితో. ఇప్పుడే చెప్పింది. మా పక్కింటాయన శుక్రవారం దాన్లోనే ఎల్లాడు. నేనే ఆటో ఎక్కించాను.”

నేను కమాను దించాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. మూడేళ్ళుగా నన్ను తిట్టని కారణం లేదు, ఈ ఒక్కదానికి తిట్టకుండా ఉంటుందా అనుకున్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. కాగితం తిప్పింది.

“సారబాండ్ తీ,” అంది. పెరటి వైపు తిరిగి, “అమ్మా, రా, నడు,” అని పిలిచింది.

ఆవిడ ఆ రోజు కేకలేసి ఉంటే నేను నిజం చెప్పేసి ఉండేదాన్నేమో. తర్వాత షిప్‌కన్నా పంపించేదాన్నేమో. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు అనుకుంటూ ఉంటాను. ఆవిడకి కావలసింది కూడా సారబాండే. విజయనగరం వదిలి వచ్చి, ఇన్నేళ్ళు సంగీతం చెవికెక్కని బళ్ళలో సరిగమలు చెప్పి, చివరికి ఒక్కసారి వినాలనుకుంది. ఇద్దరం కలిసి ఒక మనిషిని ముందుకీ వెనక్కీ నడిపించాం. ఆ మనిషి చేతిలో కరివేపాకు అలాగే ఉంది.

కచేరీ రోజు హాల్లో అరవై మందికి మించి లేరు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాన్లు ఆపేశారు, అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. చెల్లి ముందు వరసలో కొత్త చీరలో కూర్చుంది. ప్రెలూడ్ మామూలుగా సాగింది. కూరాంట్‌లో ఒకచోట వేలు జారింది. సారబాండ్ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను. వరండాలో గచ్చు కనపడింది, ఆ గచ్చు మీద పాదాలు కనపడ్డాయి. కుడికాలు. తర్వాత ఎడమకాలి మీదకి బరువంతా. మొదట మూడు తీగలు ఒక్కసారిగా పలికి, రెండో దెబ్బ మీద కమాను వాలి నిలబడింది.  నా బతుకులో అనుకున్నది అనుకున్నట్టు చేతిలోకి వచ్చింది ఆ నాలుగు నిమిషాలే. కళ్ళు తెరిచి చూస్తే చెల్లి కుర్చీ కింద పాదాలు కదుపుతోంది, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఆ నిమిషాన నాకు పశ్చాత్తాపం లేదు. ఒక్క రవ్వ లేదు. గర్వంగా ఉంది.

అయ్యాక టీచర్ దగ్గరికి వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టాను. “జీగ్ తొందరపడ్డావు,” అంది. నేను కదలకుండా నిలబడితే, నాకు ఇంకేం కావాలో ఆవిడకి తెలుసు. “సారబాండ్ మీ చెల్లి వాయించింది. నువ్వు కమాను పట్టుకున్నావంతే,” అని చెప్పి బస్సు టైమైందని వెళ్ళిపోయింది. ఆ మాటకి నాకు చెల్లి మీద అసూయ కలిగింది. ఆవిడ అన్నదానికి సిగ్గుపడాల్సింది పోయి, అసూయపడ్డాను.

కొత్త కాగితానికి, కొత్త తేదీకి ఐదున్నర నెలలు పట్టింది. కచేరీ అయ్యాక కూడా సాధన మానలేదు, పోతుందేమోనన్న భయంతో. మద్రాసులో డాక్టర్ పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. ఈ మధ్య ఎక్కువ నడిచారా అని హిందీలో అడిగాడు. “హా డాక్టర్, డాన్స్ ప్రాక్టీస్,” అని చెల్లి నవ్వింది. ఆయన నవ్వలేదు, నా వైపు చూశాడు. తర్వాత నన్ను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి చెప్పాడు. మొదటి తేదీకి వచ్చి ఉంటే ఎముక ఒక్కటీ సరిచేస్తే సరిపోయేదట. ఇప్పుడు తుంటి కీలు కూడా అరిగిపోయింది. కాలు పొడవు కలుపుతాను, కర్ర లేకుండా నడుస్తుందని మాత్రం మాటివ్వలేను అన్నాడు. అప్పుడెందుకు రాలేదని అడిగాడు. షిప్ దొరకలేదని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఆయన కూడా నమ్మాడు.

ఇప్పుడు చెల్లి రెండు కాళ్ళూ ఒకే పొడవు. చేతిలో కర్ర ఉంటుంది, ఎప్పటికీ ఉంటుంది. మిషను తొక్కలేదు కాబట్టి మోటారు పెట్టించుకుంది. టీచర్ కిందటేడు వానల్లో పోయింది, నిజం తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. సారబాండ్ నాకు ఇంకా వస్తుంది. శిక్షగానైనా మర్చిపోతాననుకున్నాను, చేతులు మొద్దుబారుతాయనుకున్నాను. ఏమీ కాలేదు. నిజానికి అప్పటికంటే ఇప్పుడే బాగా పలుకుతోంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చిన రోజులున్నాయి. అన్నం వడ్డిస్తూ ఒకసారి, బస్సులో ఒకసారి. నాకు తను దూరమైపోతుందన్న భయం ఒకటి, ఆ డిసెంబర్ మళ్ళీ వస్తే మళ్ళీ అదే చేస్తానేమోనన్న భయం ఇంకొకటి. రెండోది పెద్దది.

మొన్న పై వాటా ఆవిడ జాకెట్టు కొలతలిచ్చేందుకు వచ్చింది. షిప్ వాయిదా పడి కూతురి కాలేజీ చేరిక తప్పిపోయిందని వచ్చినప్పటి నుంచీ షిప్‌లవాళ్ళని శాపనార్థాలు పెడుతోంది. చెల్లి టేపు మెడలో వేసుకుని, కర్ర గోడకి ఆనించి, ఆవిడ భుజం కొలుస్తూ అంది.

“మీరు తిట్టుకోండి దీదీ. నేను మాత్రం తిట్టను. ఆ సాల్ నా షిప్పు కేన్సిల్ అవకపోతే అక్క వాయించింది నేను వినేదాన్నా? నా నడకని స్టేజీ మీద పెట్టింది మా అక్క, అంతమంది ముందు. దానికి కాలు పోతే పోయింది.”

నేను వంటింటి గుమ్మంలో టీ గ్లాసులతో నిలబడి ఉన్నాను. తను నా వైపు తిరిగింది.

“కదక్కా?”

అవునన్నాను.